రైలును కుదించవచ్చు, వానను కుదించలేం: తోటలో నేరో గేజ్ నమూనా రైలు

పట్టాల మధ్య ఎడం 45 మిల్లీమీటర్లు. వాటి మీద రెండు ఇంజన్లు ఉన్నాయి. ఒకటి 1:32 నిష్పత్తిలో చేసిన మెయిన్ లైను ఇంజన్, రెండోది 1:20.3 నిష్పత్తిలో చేసిన కొండదారి ఇంజన్. రెండూ ఒకే పట్టాల మీద చక్కగా నడుస్తాయి. కానీ మొదటి ఇంజన్‌లోని డ్రైవరు బొమ్మ ఎత్తు 53 మి.మీ., రెండోదాంట్లో డ్రైవరు 84 మి.మీ. ఇద్దరూ అసలు లోకంలో 170 సెంటీమీటర్ల మనుషులే. వాళ్లను ఒకే ప్లాట్‌ఫారం మీద నిలబెడితే ఒకరు పెద్దమనిషి, ఇంకొకరు పసిపిల్లాడు. తోటలో రైలు వేద్దామనుకున్న ప్రతివాళ్లూ మొట్టమొదట తికమకపడేది ఇక్కడే. పట్టా సరిపోయింది కదా అని పెట్టెలు, మనుషులు, ఇళ్లు దొరికినవి దొరికినట్టు కొనేస్తారు. అన్నీ పోగయ్యాక ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది గానీ ఎక్కడో తెలియదు.

ఈ ముడి విప్పడం కష్టమేమీ కాదు. గేజ్ అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. స్కేలు అంటే అసలు వస్తువును ఎన్నో వంతుకు తగ్గించామన్న లెక్క. అసలు లోకంలో గేజ్ ఒక్కటి కాదు కాబట్టే ఈ రెండూ వేర్వేరు సంగతులయ్యాయి. 1,435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌ను 45తో భాగిస్తే దాదాపు 32 వస్తుంది. పట్టాల ఎడం అంతకన్నా తక్కువైతే అది నేరో గేజ్. మీటరు గేజ్‌ను భాగిస్తే 22 పైచిలుకు. అమెరికా కొలరాడో కొండల్లో తిరిగిన మూడడుగుల గేజ్, అంటే 914 మి.మీ., 20.3 ఇస్తుంది. పట్టా మారలేదు, దాని మీద నడిచే లోకం మారింది.

1968లో జర్మనీలో నూరెంబర్గ్ నగరానికి చెందిన లేమన్ బొమ్మల కంపెనీ ఎల్‌జీబీ పేరుతో తోట రైళ్లు తెచ్చింది. అప్పటికే ఉన్న 45 మి.మీ. పట్టాను తీసుకుని, యూరప్ కొండల్లోని మీటరు గేజ్ రైళ్లను 1:22.5లో దాని మీద నిలబెట్టింది. ఆ పట్టాకు జీ గేజ్ అన్న పేరు స్థిరపడిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు అదే పట్టా మీద 1:32, 1:29, 1:24, 1:20.3 అన్నీ నడిపారు. అందువల్ల డబ్బా మీద ‘జీ’ అని రాసి ఉంటే పట్టా వెడల్పు తెలుస్తుంది, లోపలి బండి ఎంత తగ్గించిందో తెలియదు. బ్రిటన్‌లో ఇంకో దారి పడింది. ‘ఓ’ (O) అనే పేరున్న గేజ్ నమూనాల 32 మి.మీ. పట్టా తీసుకుని రెండడుగుల గేజ్ రైళ్లను అడుగుకు 16 మి.మీ. చొప్పున, అంటే దాదాపు 1:19లో చేశారు. వేల్స్‌లోని ఫెస్టినియాగ్, మన డార్జిలింగ్ రెండూ ఈ లెక్కలో చక్కగా ఇముడుతాయి. నీలగిరి రైలు మీటరు గేజ్ కనుక 1:22.5, 45 మి.మీ. పట్టా. కాల్కా–సిమ్లా దగ్గర చిక్కు వస్తుంది. అది 762 మి.మీ. గేజ్. 1:19లో చేస్తే పట్టా 40 మి.మీ. ఉండాలి, అది 32కూ చెందదు, 45కూ చెందదు. కానీ 1:24 పట్టుకుంటే 762 కాస్తా 31.75 అవుతుంది, 32 మి.మీ. పట్టా సరిగ్గా సరిపోతుంది. ముందు పట్టా కొనేసి ఆ తర్వాత ఏ రైలు అని ఆలోచించేవాళ్లకు ఈ వెసులుబాటు దొరకదు. ఏ దారిని, ఏ కాలాన్ని నమూనాగా తీసుకుంటున్నామో ముందు తేల్చుకుని, దాని గేజ్‌ను దొరికే పట్టాతో భాగించి స్కేలు నిర్ణయించుకోవడమే సరైన వరుస అని నా గట్టి నమ్మకం.

అంతవరకూ కాగితం మీది లెక్క. తోటలోకి దిగాక అసలు పని మొదలవుతుంది. ఇంట్లో బల్ల మీద వేసే రైలుకూ దీనికీ ఉన్న తేడా ఒక్కటే. ఇక్కడ బండిని పంతొమ్మిదో వంతుకు తగ్గించగలం గానీ వానను, ఎండను, భూమి ఆకర్షణను, ఆకును తగ్గించలేం. రెండు మిల్లీమీటర్ల వాన చినుకు 1:19 ఊళ్లో పడితే నిమ్మకాయంత లెక్క. తోట రైలులో వచ్చే ఇబ్బందుల్లో చాలా వరకు ఈ కుదించడానికి వీల్లేని వాటి దగ్గరే పుడతాయి.

వంపు, ఎక్కుడు

నేరో గేజ్ తోటకు ఎందుకు అంత బాగా నప్పుతుందో వంపుల దగ్గర తెలుస్తుంది. సన్న పట్టాల దారులు పుట్టిందే కొండను తొలిచే ఖర్చు లేకుండా కొండ చుట్టూ తిరగడానికి. డార్జిలింగ్ దారిలో ఎగొనీ పాయింట్ దగ్గరి వంపు వ్యాసార్ధం 20 మీటర్లకు లోపే. 1:19లో అది ఒక మీటరు చుట్టుపక్కల వస్తుంది. చిన్న తోటలోనూ అసలు వంపును అసలు లెక్కలోనే వేయగలమన్నమాట. మెయిన్ లైనులో 400 మీటర్ల వంపును 1:32కు తగ్గించినా పన్నెండున్నర మీటర్ల వ్యాసార్ధం కావాలి, అంత జాగా ఎవరికుంటుంది?

అలాగని ఎంత బిగువు వంపైనా పరవాలేదని కాదు. ఎల్‌జీబీ డబ్బాల్లో వచ్చే అతి చిన్న వంపు వ్యాసార్ధం 600 మి.మీ. దాన్ని 22.5తో హెచ్చవేస్తే పదమూడున్నర మీటర్లు. పొడవాటి పెట్టె దాని మీద తిరిగితే ఎలా ఉంటుందో చిన్న లెక్కతో ముందే చూసుకోవచ్చు. పెట్టె కింద ముందూ వెనకా ఉండే రెండు చక్రాల చట్రాల (బోగీల) మధ్య దూరాన్ని అదే దూరంతో హెచ్చవేసి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే పెట్టె నడుము పట్టాల మధ్య గీత నుంచి ఎంత లోపలికి జరుగుతుందో వస్తుంది. బోగీల మధ్య 400 మి.మీ. ఉంటే 600 వంపులో 33 మి.మీ. జరుగుతుంది, 1,200 వంపులో దాదాపు 17. పెట్టె పట్టాల మీద ఉన్నట్టు కాక పట్టాల పక్కన వేలాడినట్టు కనిపించేది ఆ 33 దగ్గరే. సొరంగం గోడ గీరుకునేదీ అక్కడే. అందుకని సొరంగాలు, ప్లాట్‌ఫారాలు కట్టకముందే అన్నిటికన్నా పొడవైన పెట్టెకు నడుమున, రెండు చివరలా అట్టముక్కలు అంటించి దారంతా చేత్తో తోసి చూడాలి. ఎడమ వంపు, కుడి వంపు ఒకదాని వెంట ఒకటి వచ్చే చోట మధ్యలో కనీసం ఒక పెట్టె పొడవు తిన్నటి పట్టా ఉండాలి. లేకపోతే పక్కపక్క పెట్టెలు ఎదురెదురు దిక్కులకు లాగి, వాటిని కలిపే కప్లింగు కొక్కెం చక్రాన్ని పట్టా మీది నుంచి ఎత్తేస్తుంది.

ఎక్కుడు సంగతి ఇంకా కచ్చితమైనది. ఇంజనుతో కలిపి రైలు బరువు 10 కిలోలనుకుందాం. నలభై అడుగులకు ఒక అడుగు ఎక్కే దారిలో ఎక్కుడు కోసమే 250 గ్రాముల లాగుడు కావాలి. ఇరవై అయిదుకు ఒకటైతే 400 గ్రాములు. రెండున్నర కిలోల ఇంజను చక్రాలు జారకుండా తన బరువులో అయిదో వంతు, అంటే 500 గ్రాములు లాగుతుందనుకుంటే, ఇరుసుల రాపిడికీ వంపుల రాపిడికీ మిగిలేది నూరు గ్రాములే. అది చాలదు. అసలు కొండ రైళ్లు కూడా కొద్ది పెట్టెలే లాగుతాయి. మన తోటలో పది పెట్టెలు తగిలించి ఇంజనును తిట్టడం న్యాయం కాదు. నేనైతే నలభైకి ఒకటి దాటను. చేత్తో నడిపే ఆవిరి ఇంజన్లకు మట్టంగా వేయడమే మేలు. ఎక్కేటప్పుడు ఆగిపోయే ఇంజను దిగేటప్పుడు పట్టపగ్గాల్లేకుండా పరిగెడుతుంది.

నేల

నేను మొదట వేసిన చుట్టు మట్టిని చదును చేసి నేరుగా దాని మీద పరిచినదే. వారం రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఒక పెద్ద వాన తర్వాత ఒక పక్క పట్టా కుంగి, ఒక చోట రైలు బోల్తా పడింది. 45 మి.మీ. గేజ్‌లో ఒక పట్టా ఇంకోదానికన్నా ఒక్క మిల్లీమీటరు దిగితే బండి ఒకటింపావు డిగ్రీలు ఒరుగుతుంది. మూడు మిల్లీమీటర్లు దిగితే పెట్టె ఒరగడం దూరం నుంచే కనిపిస్తుంది.

మందు తెలిసినదే. దారి పొడవునా జానెడు వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు కాలువ తవ్వి, పలుగురాతి కంకరతో పొరలు పొరలుగా నింపి, ప్రతి పొరా దిమ్మిసతో కొట్టాలి. నీళ్లు కిందికి ఇంకిపోయే దారి ఉండాలి, పల్లంలో అయితే ఆ కాలువకు పక్కకు ఒక తూము వదలాలి. పైన మూడు నాలుగు సెంటీమీటర్లు సన్న కంకర. అసలు దారిలోని 50 మి.మీ. కంకరను 1:19కి తగ్గిస్తే రెండున్నర మిల్లీమీటర్లు రావాలి. కానీ అంత సన్నది ఒక్కటే వేస్తే చినుకుల దెబ్బకు చెదిరిపోతుంది. అందుకని 3 నుంచి 6 మి.మీ. మధ్య, కోణాలున్న రాతి చిప్స్, అందులోని రాతిపొడితో సహా వేయాలి. పొడి సందుల్లోకి దిగి రాళ్లను ఒకదానికొకటి బిగిస్తుంది. నున్నటి గులకరాళ్లు చూడటానికి అందంగా ఉంటాయి గానీ గోళీల్లా దొర్లుతాయి, పట్టాను పట్టుకోవు. సిమెంటు పునాది వేసేవాళ్లూ ఉన్నారు, గుంజలు పాతి పలకల మీద ఎత్తుగా వేసేవాళ్లూ ఉన్నారు. వంగి పని చేయలేనివాళ్లకు గుంజల పద్ధతి నిజంగా వరం. నాకు కంకర దారే ఇష్టం. కుంగిన చోట స్లీపరు కింద గుప్పెడు చిప్స్ తోసి రసమట్టం పెట్టి సరిచేయడం అసలు గ్యాంగ్‌మెన్ చేసే పనే.

ఇక వేడి. ఇత్తడి ప్రతి డిగ్రీకీ మీటరుకు 0.019 మి.మీ. సాగుతుంది. వినడానికి ఏమీ కాదు. తెల్లవారుజామున 20 డిగ్రీలున్న పట్టా మిట్టమధ్యాహ్నం 60కి చేరితే పది మీటర్ల పొడవులో 7.6 మి.మీ. అవుతుంది. జాగా లేకపోతే పట్టా పక్కకు పాములా మెలిక తిరుగుతుంది. చల్లటి పూట పట్టా వేస్తుంటే ఒకటిన్నర మీటరు ముక్కల మధ్య ఒక మిల్లీమీటరు సందు వదలండి, ఎండలో వేస్తుంటే ఆనించి వేయండి. స్లీపర్లను నేలకు మేకులతో బిగించకండి. పట్టా కంకరలో తేలుతూ ఉండాలి, వంపుల దగ్గర అది కొద్దిగా బయటికి జరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. పట్టాల ద్వారా కరెంటు పంపేవాళ్లకు ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కరెంటు బాగా పారాలని అతుకులన్నిటినీ క్లాంపులతో బిగిస్తే సందులు పనిచేయవు. అందువల్ల కొన్ని అతుకులను జారేటట్టు వదిలి, వాటి మీదుగా వంగే తీగ టంకం పెట్టాలి.

బండికి ప్రాణం ఎక్కడి నుంచి

మూడు దారులున్నాయి. పట్టాలో కరెంటు మొదటిది. 18 నుంచి 24 వోల్టుల వరకు పంపుతారు, డబ్బాలో కొన్న రైలు సాధారణంగా ఇలాగే వస్తుంది. కానీ బయటి పట్టా మీద చిలుము, ఆకుల పసర, దుమ్ము రోజూ పేరుకుంటాయి. నడిపే ముందు ప్రతిసారీ తుడవాలి. దారి చుట్టు తిరిగి తన మీదికే వచ్చి కలిసే చోట ఎడమ పట్టా కుడి పట్టాకు తగిలి షార్ట్ అవుతుంది కాబట్టి ఆ ముక్కను విడదీసి వేరే స్విచ్ పెట్టాలి. రెండోది బ్యాటరీ, రేడియో. లిథియం బ్యాటరీ ఇంజనులోనో, వెనక పెట్టెలోనో ఉంటుంది, చేతిలోని కంట్రోలర్‌తో నడుపుతాం. పట్టా ఎంత చిలుము పట్టినా పరవాలేదు, చుట్టు ఎలా తిప్పినా పరవాలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను మొహమాటం లేకుండా ఇదే చెబుతాను.

మూడోది నిజమైన ఆవిరి. నా మనసు ఇక్కడే ఉంది కనుక కాస్త ఆగి చెబుతాను. బాయిలర్‌లో నీళ్లు, కింద బ్యూటేన్ మంట, సిలిండర్లలో నిజమైన ఆవిరి. బండిని 19వ వంతుకు తగ్గిస్తే దాని పైతలం 361వ వంతుకు తగ్గుతుంది, లోపల పట్టే నీళ్లు 6,859వ వంతుకు. అంటే లోపలి నీళ్లతో పోలిస్తే వేడిని పోగొట్టుకునే తలం 19 రెట్లు ఎక్కువైంది. చిన్న ఇంజను ఇరవై ముప్పై నిమిషాలకే నీళ్లు కోరడానికి ఇదీ ఒక కారణం, తయారీలో లోపం కాదు.

దీనికి నూనె పట్టించే పద్ధతి నాకు ఇప్పటికీ అబ్బురమే. ఆవిరి గొట్టం పక్కన చిన్న మూత ఉన్న ఇత్తడి గిన్నె, నిండా చిక్కటి ఆవిరి నూనె. గొట్టం నుంచి సన్నటి బెజ్జం గుండా కొద్ది ఆవిరి గిన్నెలోకి వచ్చి చల్లబడి నీటిబొట్టవుతుంది. నీళ్లు నూనెకన్నా బరువు కనుక అడుగుకు దిగుతాయి, నూనె పైకి లేచి అదే బెజ్జం గుండా ఆవిరిలో కలిసి సిలిండర్లకు చేరుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. ఆట ముగిశాక అడుగున చేరిన నీళ్లు తీసేసి మళ్లీ నూనె నింపడమే మన పని. కుట్టుమిషను నూనె ఆవిరి వేడికి నిలవదు, ఆవిరి నూనే వాడాలి. బాయిలర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోయాలి, కుళాయి నీళ్లలోని సున్నం లోపల పొర కడుతుంది.

జాగ్రత్త ఒకటి గట్టిగా చెప్పాలి. చాలా ఇంజన్లలో గ్యాసు ముందు అయిపోయి, నీళ్లు ఇంకా కొన్ని మిగిలేటట్టు గిన్నెల కొలత చేస్తారు. నీళ్లు చూసుకోకుండా గ్యాసు మాత్రం రెండోసారి నింపితే బాయిలర్ ఎండిపోయి పాడవుతుంది. మంట దగ్గర గ్యాసు నింపకండి, ఇంకో ఇంజను వెలుగుతూ ఉంటే దూరంగా వెళ్లి నింపండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల చుట్టుపక్కలే మరుగుతుంది, పైగా ఆవిరవుతూ తన డబ్బాను తనే చల్లబరుచుకుంటుంది. అందుకే చలిరోజున మంట మందగిస్తుంది, గ్యాసు గిన్నె చుట్టూ గోరువెచ్చటి నీళ్లు ఉంచితే కోలుకుంటుంది.

ఏ ప్రాణంతో నడిచినా వేగం మాత్రం మనదే బాధ్యత. గంటకు 20 కిలోమీటర్ల కొండ రైలు 1:19లో ఒక మీటరు దాటడానికి మూడున్నర సెకన్లు తీసుకోవాలి. గడియారం పెట్టి చూడండి. ఎంత బాగా రంగులు వేసిన బండి అయినా ఆ మీటరును ఒక్క సెకనులో దాటితే ఆటబొమ్మ అయిపోతుంది.

చూపును నమ్మించడం

నమూనా అసలులా కనిపించకపోవడానికి మొదటి కారణం చాలామంది చూడనే చూడరు: పట్టా ఎత్తు. ఎల్‌జీబీ తరహా పట్టాను కోడ్ 332 అంటారు, అంగుళంలో వెయ్యో వంతులు 332, అంటే 8.4 మి.మీ. దాన్ని 22.5తో హెచ్చవేస్తే 190 మి.మీ. వస్తుంది. ఈనాటి మెయిన్ లైనులో మీటరుకు 60 కిలోల బరువైన పట్టా ఎత్తే 172. చిన్న కొండ రైలును అంతకన్నా లావు పట్టా మీద నిలబెడుతున్నామన్నమాట. 1:19లో కోడ్ 200 పట్టా వాడితే 97 మి.మీ. లెక్క వస్తుంది, పాతకాలపు తేలిక పట్టాకు అది చాలా దగ్గర. అయితే లావు పట్టా మీద పొరపాటున కాలు వేసినా వంగదు, సన్నది వంగుతుంది. పిల్లలు, కుక్కలు తిరిగే తోటలో లావు పట్టాయే ఉంచి, స్లీపర్ల పైఅంచు దాకా కంకర కప్పి, పట్టా పక్కలకు తుప్పు గోధుమ రంగు పూయండి. మెరిసేది పైఅంచు గీత ఒక్కటే మిగులుతుంది. కన్ను ఎత్తును మరిచిపోతుంది.

తర్వాత మొక్కలు. ఆకు కుదించుకోదు కనుక చిన్న ఆకుల మొక్కలనే వెతకాలి. థైమ్ ఆకు నాలుగైదు మిల్లీమీటర్లు, 1:19లో అది తొమ్మిది సెంటీమీటర్ల ఆకు, మామూలు చెట్టుకు సరిపోయే కొలత. నేలకు అంటుకుని పెరిగే సీడమ్ జాతులు, పొట్టి జునిపర్లు కూడా పనికొస్తాయి. కాండం కింది కొమ్మలు కత్తిరిస్తే పొద కాస్తా చెట్టవుతుంది. ఈ ఒక్క కత్తిరింపు చేసే మార్పు ఏ రంగూ చేయదు. మొక్కను పట్టాకు రెండు జానల దూరంలో నాటండి, పెరిగి దగ్గరికి వస్తుంది. దారి మొత్తం ఒకేసారి కనిపించకుండా కొన్ని మొక్కలు, ఒక చిన్న గుట్ట అడ్డం వస్తే రైలు ఎక్కడికో వెళ్లి వచ్చినట్టు ఉంటుంది.

ఇళ్ల దగ్గర కన్ను మొదట చూసేది తలుపు. రెండు మీటర్ల తలుపు 1:19లో 105 మి.మీ., 1:22.5లో 89. గోడ కొద్దిగా పొట్టిగా ఉన్నా పరవాలేదు గానీ తలుపు, మెట్టు, మనిషి ఒకే లెక్కలో ఉండాలి. గోడ అడుగున సందు కనిపించకూడదు. ఇల్లు నేల మీద పెట్టినట్టు కాక నేలలోంచి లేచినట్టు ఉండాలంటే గోడను రెండు మూడు సెంటీమీటర్లు కిందికి పొడిగించి పాతాలి. చెక్క ఉబ్బుతుంది, అట్ట కరిగిపోతుంది. పీవీసీ ఫోమ్ పలక, సిమెంటు, నిజమైన రాతిముక్కలు నిలుస్తాయి.

బయట వెలుతురు దీపం కాదు, సూర్యుడే. గోడ మీద ఇటుకల గీతలు లోతుగా గీస్తే నీడలు వాటంతట అవే పడతాయి, రంగుతో గీసిన నీడలు పొద్దు తిరిగేసరికి తప్పు దిక్కున కనిపిస్తాయి. నిగనిగ అన్నిటికన్నా పెద్ద శత్రువు. ముందు మెరుపులేని వార్నిష్ వేసి, ఆ తర్వాత మురికి వేయాలి. మురికి ఎక్కడిదో తెలిసి వేయాలి: పొగగొట్టం చుట్టూ మసి, నీళ్లు నిలిచే మూలల్లో తుప్పు, సేఫ్టీ వాల్వు కింద సున్నపు చారలు, కదిలే కడ్డీల మీద నూనె నలుపు. పెట్టెల అడుగుభాగానికి మాత్రం దారి మీది కంకర నుంచే పొడి తీసి మెత్తటి బ్రష్‌తో అద్దండి. ఆ బండి అదే దారిలో ఏళ్ల తరబడి తిరిగినట్టు రంగు కలిసిపోతుంది. వానలో తడిసిన చోట ఆ పొడి కొద్దిగా కిందికి జారి చారలు కడుతుంది. వాటిని నేను తుడవను.